పాత కుప్ప రాయి

యోనా ముందు చేతులతోనే తవ్వాడు. పార పక్కనే పడి ఉంది. దానివైపు చూస్తున్నాడు, ముట్టుకోవడం లేదు.

మంచు గట్టిపడింది. కాసేపటి కింద పిండిలా పొగలు లేపుకుంటూ గట్టు మీంచి దూకిన మంచే అది. రాతిగోడకు కొట్టుకుని ఆగిందో లేదో బిగుసుకుపోయింది. యోనా గోళ్ళు చిట్లాయి. ఒక వేలి గోరు మొత్తంగా లేచి మంచులోనే ఉండిపోయింది. రక్తం తెల్లదనంలోకి ఇంకి, అంచుల్లో గులాబీ రంగై మెల్లగా పాకుతోంది. ఆ తెల్లదనం కింద ఎక్కడో ఫ్రాంక్ మెక్‌షారీ ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. గొర్రెల కాపరి. యోనా రోజూ పొద్దున్నే వచ్చి కాలిపుండు కడిగి కట్టు కట్టే మనిషి. అతన్ని అక్కడ పూడ్చింది యోనాయే.

పార తీసుకుంటే పని త్వరగా అవుతుంది. ఆ సంగతి యోనాకు తెలుసు. పార ఏం చేయగలదో కూడా తెలుసు. అందుకే చేతులతో తవ్వుతున్నాడు.

అతను ఉప్పులో పుట్టాడు. చినగంజాం దగ్గర ఉప్పు కొటార్లలో పనిచేసే కుటుంబం. సముద్రపు నీళ్ళను మడుల్లోకి మళ్ళించి ఎండకు వదిలేస్తారు. ఎండ ఆ నీళ్ళను రోజుల తరబడి కాల్చి కాల్చి చంపుతుంది. చచ్చే ముందు నీటి మీద మీగడలాంటి పొర కడుతుంది. పొర మీద చుక్కలు, చుక్కలకు మూలలు, మూలలకు అంచులు. పిల్లవాడిగా యోనా మోకాళ్ళ మీద కూచుని ఆ పుట్టుక చూసేవాడు. నీటిలోంచి ఒక గది లేస్తున్నట్టు ఉండేది. అయితే ఆ గదుల అంచులు పాదాలను కోసేవి. కోసిన చోటే ఉప్పునీళ్ళు చేరేవి. వాళ్ళ ఇంట్లో ఏడవడానికి ఎవరికీ ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు, నడిస్తే చాలు.

గీకిన ఉప్పును కుప్పలు పోస్తారు. నిరుటి కుప్పలను తాటాకు కప్పి ఉంచుతారు. కప్పిన కుప్ప రాత్రి తేమ తాగి, పగటి ఎండకు ఆరి, ఏడాది తిరిగేసరికి రాయవుతుంది. గునపం వేస్తే నిప్పులు రాలతాయి. కొత్త కుప్ప అలా కాదు. తడితడిగా, వదులువదులుగా, ఎప్పుడు ఎటు జారాలా అని చూస్తూ ఉంటుంది.

ఆ ఏడాది వేసవి మధ్యలో అకాల వర్షం పడింది. కొత్త కుప్ప పైన పెంకు కట్టింది. బస్తాలు త్వరగా నిండాలని మేస్త్రీ కింది నుంచి తియ్యమన్నాడు. యోనా అన్న రత్నకుమార్ కింది నుంచి తీస్తూ ఉన్నాడు. లోపల వదులు ఉప్పు చేటలోకి ధారలా వస్తుంటే నవ్వుతూ, "రేయ్ యోనా, ఇది కుప్ప కాదురా, ఆవు పొదుగు," అన్నాడు. పైన పెంకు విరిగింది. ఆ నవ్వు మీదే విరిగింది.

ముగ్గురు పారలతో తవ్వారు. పద్దెనిమిదేళ్ళ యోనా ఆ ముగ్గురిలో ఒకడు. ఆత్రంగా, అరుస్తూ, ఒకరి పార ఒకరికి తగులుతుంటే కూడా ఆగకుండా తవ్వారు. అన్న దొరికేసరికి కణత మీద పార దిగిన గాటు ఉంది. అమ్మ శవాన్ని కడుగుతూ ఆ గాటు మీద వేలు పెట్టి తలెత్తి చూసింది. చివరికి ఒక పెద్దాయన, "బతికుంటే అరిచేవాడు గదమ్మా. అరవలేదంటే అప్పటికే పోయినట్టు," అన్నాడు. అమ్మ ఆ మాట నమ్మింది. యోనా నమ్మలేదు. నమ్మకపోవడానికీ అతని దగ్గర ఏ రుజువూ లేదు. సాయంత్రం అదే పార కర్రతో మేస్త్రీ దవడ విరగ్గొట్టాడు.

ఆ రోజు నుంచి రెండు మాటలు అతని ఎముకల్లో ఉన్నాయి. పాత కుప్ప రాయి. కుప్పను కింది నుంచి తెరవకు.

మిగతా జీవితమంతా చేతుల కథే. దవడ విరిచిన చేతులు. లలితకుమారి నర్సు ఉద్యోగానికి ఐర్లండ్‌లోని స్లైగో వచ్చింది, భర్తగా అతనూ వెనక వచ్చాడు. పని దొరకని మొదటి ఏడాది అద్దె ఇంటి వంటగదిలో ప్రెస్ తలుపును గుద్ది రెండు ముక్కలు చేశాడు. అల్మరాను ఇక్కడ ప్రెస్ అంటారని అంతకుముందు వారమే నేర్చుకున్నాడు. ఇంటి యజమానురాలు వచ్చి ఆ తలుపు చూసి నోరు తెరిచింది. లలితకుమారి ఆవిడకు టీ పెట్టి పంపించి, వెనక్కి తిరిగి అంది:

"నీ చేతులకు పనన్నా ఉండాల, సంకెళ్ళన్నా ఉండాల. ఏది కావాలో చెప్పయ్యా."

కేరర్ కోర్సులో చేర్పించింది ఆవిడే. ముసలివాళ్ళను ఎత్తడం, తిప్పడం, కడగడం. విచిత్రంగా ఆ చేతులు ఆ పని నేర్చుకున్నాయి. పుండు అంచు చుట్టూ దూది తిప్పేటప్పుడు యోనా ఊపిరి బిగబట్టేవాడు. కోపం పోలేదు. లోపల ఎక్కడో పడుకుని ఉండేది, అంతే.

ఫ్రాంక్ ఇంటికి మొదటిసారి వెళ్ళిన రోజు ముసలాయన టీ మగ్గు విసిరాడు. అది యోనా చెవి పక్కగా వెళ్ళి గోడకు తగిలి పగిలింది.

"వాళ్ళు నర్సును పంపిస్తామన్నారు. బాక్సర్‌ను పంపారేంటి?"

"నర్సు మా ఇంట్లో ఉంది. నీ దగ్గరికి ఎవరూ రామంటే నన్ను పంపారు."

ఫ్రాంక్ కాలు ముందుకు చాపాడు. అలా మొదలైంది. రోజూ తిట్టుకునేవాళ్ళు. పుండు గురించి, గొర్రెల గురించి, వర్షం గురించి. యోనా కోపం వచ్చినప్పుడు "సచ్చినోడా" అంటాడని గమనించి ఫ్రాంక్ ఆ మాట పట్టుకున్నాడు. పొద్దున తలుపు తీసి యోనాను అలాగే పలకరించేవాడు. కొండల మధ్య ఆ ఒంటి ఇంట్లో, పీట్ మట్టిగడ్డలు మండే పొయ్యి పక్కన, ఒక ఐరిష్ ముసలాయన "సచ్చినోడా, కెటిల్ పెట్టు" అనడం వింటే లలితకుమారి నవ్వి నవ్వి కూలబడేది.

జనవరిలో తూర్పు గాలితో మంచు వచ్చింది. మొదటి పొద్దు అది దెబ్బలా రాలేదు. వాకిట్లో నిలబడిన యోనా కూతురు జాయ్ నల్లకోటు చెయ్యి చాపింది. దాని మీద ఆరు రెక్కల చుక్కలు వాలాయి. ఒక్కో రెక్కకు మళ్ళీ చిన్న రెక్కలు. యోనా వంగి చూశాడు. ఉప్పు గది కడుతుంది. ఇది పువ్వు పూస్తోంది. జాయ్ ఊపిరి తగలగానే ఒకటి చచ్చిపోయి నీటిబొట్టయింది.

మధ్యాహ్నానికి గాలి లేచింది. అప్పుడు మొదలైంది ఊచకోత. గాలి ఆ పువ్వులను కొండ మీదికి ఈడ్చుకుపోయి, రాళ్ళకు కొట్టి, రెక్కలు విరిచి, ముక్కలను తెచ్చి వాలులో కుదించి పెట్టింది. రెక్కలు ఉన్నంతసేపు మంచు తేలిక. రెక్కలు విరిగాక ముక్కకు ముక్క ఆనుకుని పలకలా బిగుస్తుంది. ఫ్రాంక్ ఇంటి వెనక పొలం, పొలం చివర మనిషెత్తు రాతిగోడ, గోడ వెనక నిటారైన గట్టు. ఆ గట్టంతా తెల్లటి పలక పరుచుకుంది. చూడటానికి ఎవరో తీరుబడిగా సున్నం పూసినట్టుంది.

తర్వాత ఆకాశం తేటపడి చలి గడ్డకట్టింది. కొత్త మంచు పడలేదు. రోజు వెనక రోజు అంతా కదలకుండా ఉన్నట్టే కనిపించింది.

కానీ మంచులో శాంతి ఉండదు. కింద నేల ఇంకా కాస్త వెచ్చదనాన్ని కడుపులో పెట్టుకుని ఉంది. పైన ఆకాశం ఉన్న వేడినంతా లాగేసుకుంటోంది. ఆ రెంటి మధ్య, చీకట్లో, కంటికి కనబడని ఆవిరి పైకి పాకుతోంది. అది కింది స్ఫటికాన్ని కొరుకుతుంది. కొరికిన దాన్ని మోసుకెళ్ళి పైదాని అడుగున అతికిస్తుంది. చిన్నవి చస్తాయి, వాటిని తిన్నవి పెరుగుతాయి. పువ్వు గుర్తు మిగలదు. మూలలు వస్తాయి, అంచులు వస్తాయి, బోర్లించిన గాజు గిన్నెల్లా బోలుగా, గీతలు గీతలుగా పెద్దవవుతాయి. ఒక్కొక్కటీ అందంగా ఉంటుంది. పక్కదాని చెయ్యి పట్టుకున్నది మాత్రం ఒక్కటీ ఉండదు. పైన గట్టి పలక. అడుగున ఎవరికి ఎవరూ కాని గింజలు. వాటి మీద కొండంత బరువు ఊపిరి బిగబట్టి పడుకుని ఉంది.

గట్టు మధ్యలో ఒక రాతి అంచు మీద ఫ్రాంక్ గొర్రె ఒకటి చిక్కుకుంది. కడుపుతో ఉంది. మిగతా మందంతా కింద కొట్టంలో క్షేమంగా ఉంది. ఆ ముందు రోజే ఇంకొక దాని కళ్ళను బొంతకాకులు పొడిచేస్తే ఫ్రాంక్ తుపాకీతో దాని బాధ తీర్చాడు. కాబట్టి ఈ గొర్రె కోసం ఎక్కుతానని లేచాడు. యోనా తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"పుండుతో ఎక్కుతావా? కూచో."

"తప్పుకో."

"తప్పుకోను."

ఫ్రాంక్ చేతికర్రతో కొట్టాడు. యోనా ముంజేతి మీద ఎముక మోగింది. లోపల పడుకున్నది లేచింది. కర్ర లాక్కుని మోకాలి మీద పెట్టి ఫట్టున విరిచాడు. ఆ కర్ర ఫ్రాంక్ తండ్రిది. ముసలాయన విరిగిన ముక్కల వైపు చూస్తూ కుర్చీలో కూలబడ్డాడు. చెంప మీద కొట్టినా అంత చిన్నబోయేవాడు కాదు. యోనా కాలికట్టుకు తెచ్చిన క్రేప్ బ్యాండేజీతోనే విరిగిన చోట చుట్టి, టేపు వేసి, కుర్చీకి ఆనించి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున ఇంట్లో లలితకుమారి దారికి అడ్డం నిలబడింది.

"రోడ్లు మూసేశారు. యాడికి పోతావ్? ఫోన్ చేసి కనుక్కోరాదా?"

"ఫోనెత్తడు. ఎత్తినా గోడకేసి కొడతాడు."

"ఆ ముసలోడు నీకు మేనమామా ఏంది?"

"కర్ర విరిచా లలితా."

ఆవిడ కళ్ళు మూసుకుంది. "ఈసారి కర్రా," అంది. "పోయిరా. కొండెక్కబాకు."

జాయ్ మెట్ల మీంచి, "డాడ్, ఇట్స్ లీథల్ అవుట్ దేర్, లైక్," అని అరిచింది. అతను అప్పటికే గేటు దాటాడు. మోకాలి లోతు మంచులో నడిచి వెళ్ళాడు.

ఫ్రాంక్ ఇంట్లో లేడు. బూట్లు లేవు. కుర్చీ దగ్గర కర్ర లేదు. యోనా కొట్టంలోంచి పొడవు కర్ర ఉన్న పార తీసుకుని పొలం మీదుగా పరిగెత్తాడు. గోడకు ఓ చివర ఉన్న దారిలోంచి దాటి, గోడకూ గట్టుకూ మధ్య ఫ్రాంక్ నిలబడి ఉన్నాడు. పక్కన కుక్క బెస్. పైన రాతి అంచు మీద గొర్రె. ఇంకొంచెం పైన, గాలిలో, ఓపికగా రెండు కాకులు.

"ఇంటికి నడువు, సచ్చినోడా," అన్నాడు యోనా.

"గొర్రెతో వస్తా."

"నువ్వు ఇక్కడే నిలబడు. నేను తెస్తా."

"అయితే కంచె వెంట పో. చుట్టూ తిరిగి దాని వెనకకు రా. ఆ పలక మీద కాలు పెట్టకు. పాత మంచు కుళ్ళిపోతుంది. నలభై ఏడులో పడిన మంచు గురించి మా నాన్న చెప్పేవాడు. పైకి పెళ్ళికొడుకులా ఉంటుందిట, లోపల ఏమీ ఉండదుట."

"మీ నాన్న ఉప్పు చూశాడా?"

"చూడకేం? చిప్స్ మీద చల్లుకునేవాడు."

"పాత కుప్ప రాయి. కొత్తదే కూలుతుంది."

"ఏ కుప్ప? ఇది మంచురా బాబూ."

యోనా పారను పలక మీద బలంగా కొట్టాడు. ఠంగుమంది. మళ్ళీ కొట్టాడు. పార కొస అంగుళమైనా దిగలేదు. పాదం పెట్టి బరువంతా వేశాడు. మోసింది. వెనక్కి తిరిగి ముసలాయన వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. కంచె దారి చాలా దూరం. కాకులు దిగుతున్నాయి. పారను గోడ వైపు విసిరేసి, పలక మీద బూటు మడమ గుచ్చుకుంటూ నేరుగా ఎక్కాడు.

గొర్రెకు కాస్త పైగా వచ్చేదాకా పలక అతన్ని మోసింది. అక్కడ ఒక అడుగు వేశాడు.

కొండ ఊపిరి వదిలింది. 'హుఫ్' అని, ఒక్కసారి, పెద్ద జంతువు పడుకున్నట్టు. పాదం కింద ఒక గీత పుట్టి అటూ ఇటూ కొరడాలా పాకింది. గీతకు కింద ఉన్న గట్టంతా ముక్కలుగా పగిలి కదిలింది. గొర్రె కదిలింది. యోనా గీతకు పై అంచున వెల్లకిలా పడ్డాడు. పడినవాడి బూటు మీదికి, విరిగిన పలక అడుగు నుంచి గింజలు జలజలా కారుతున్నాయి. తెల్లగా, పెద్దపెద్దగా, మూలలు మూలలుగా. చిరిగిన బస్తాలోంచి రాళ్ళ ఉప్పు కారినట్టు.

అతనికి అన్న నవ్వు వినిపించింది.

కింద ఫ్రాంక్ ఒక్క అడుగు వెనక్కి వేయగలిగాడు. వెనక గోడ ఉంది. తెల్లటి పొగ అతన్నీ, కుక్కనూ, గోడనూ కప్పేసింది. పొగ దిగేసరికి గోడ పై అంచు వరకూ మంచు. కుక్క గోడ మీదికి ఎలాగో దూకి వణుకుతోంది. మనిషి లేడు.

యోనా దొర్లుతూ, జారుతూ కిందికి వచ్చాడు. మంచులోంచి ఒక కర్ర కొస పొడుచుకుని ఉంది. మంచు మీద తేలి వచ్చిన పార ఆ పక్కనే పడి ఉంది. కర్ర ఉన్నచోట మనిషి ఉంటాడు. చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు. దారిలో ఒకదానికొకటి గుద్దుకుని పిండై, ఆగిన క్షణంలో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి గింజలు. ఒంటరివన్నీ ఇప్పుడు ఒక్కటే ముద్ద. సిమెంటు. మోచేతుల దాకా దించి, గోళ్ళు పోయి, కర్రను పట్టి లాగాడు. తేలిగ్గా వచ్చేసింది. సగం కర్ర. కొసన క్రేప్ బ్యాండేజీ వేలాడుతోంది. తను విరిచిన చోటే మళ్ళీ విరిగింది. మిగతా సగం, దాన్ని పట్టుకున్న చెయ్యి, ఎక్కడున్నాయో తెలియదు.

యోనా ఆ సగం కర్రతో మంచును బాదాడు. తెలుగులో బూతులు తిట్టాడు. మంచును, కొండను, తనను, ఉప్పును. అటువైపు గొర్రె నడుము దాకా కూరుకుపోయి, కాళ్ళు కొట్టుకుంటూ, ఆగకుండా అరుస్తోంది.

కుక్క పిచ్చిపట్టినట్టు మొరుగుతోంది. కానీ తప్పు వైపు నుంచి. గోడ దాటి కిందికి, పొలం వైపుకు దూకి, గోడ రాళ్ళలో ముక్కు పెట్టి మొరుగుతోంది. "ఇటు రావే దరిద్రపుదానా," అని అరిచాడు యోనా. అది రాలేదు. అరవబోయి ఆగాడు. ఇక్కడి గోడలకు సున్నం ఉండదు, మట్టి ఉండదు. రాయి మీద రాయి పేర్చుకుంటూ పోతారు. గాలి పోవడానికి సందులు ఉంటాయి.

గోడ దాటి దూకాడు. కుక్క ముక్కు పెట్టిన సందు దగ్గర చెంప ఆనించాడు. ఏమీ వినిపించలేదు. కానీ ఆ సందు అంచున, నల్లరాయి మీద, మిగతా గోడంతా ఎక్కడా లేనివి, సన్నటి మంచుముళ్ళు మొలిచి ఉన్నాయి. అప్పుడే పుట్టినవి. ఊపిరి తగిలితే పుట్టేవి. అతను చూస్తుండగానే ఒక ముల్లుకు ఇంకొక రెక్క వచ్చింది.

ఊపిరి ఉంది.

పార కోసం గోడ మళ్ళీ ఎక్కాల్సి వచ్చింది. ఎక్కాడు. ఈసారి దాన్ని చూస్తూ నిలబడలేదు. తీసుకుని దూకి, సందు పక్క రాళ్ళను ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. రాయి తీసిన ప్రతిసారీ పైన ఉన్న బరువు మూలిగింది. కుప్పను కింది నుంచి తెరుస్తున్నాడు. ఎముకల్లో ఉన్న మాట వద్దంటోంది. అన్న కూడా ఇలాగే కింద నిలబడ్డాడు. ఒక పెద్ద రాయి జారి పాదం మీద పడింది. బూటులో వేలు నలిగింది. తలుపంత ఖాళీ అయింది. దాని వెనక మళ్ళీ మంచు, గోడలా, నీలంగా. చేతులతో గీకాడు. గీత కూడా పడలేదు. సందు అంచున మంచుముళ్ళు పెరగడం ఆగిపోయింది. వాటిలో కొన్ని చివర్లు అరిగిపోతున్నాయి.

యోనా పార ఎత్తాడు.

కొట్టాడు. పెచ్చు లేచింది. మళ్ళీ కొట్టాడు. ఎక్కడ తల ఉందో, ఎక్కడ మెడ ఉందో తెలియదు. కళ్ళు మూసుకుంటే అమ్మ వేలు కనిపిస్తోంది. కళ్ళు తెరిచి కొట్టాడు. పైన పలక కిర్రుమంది. భుజాన్ని ఆ అంచు కింద ఆనించి, మోస్తూ, ఒంటిచేత్తో పార పొట్టిగా పట్టుకుని పొడిచాడు. పొడిచాడు. పార కొస ఈసారి మంచుకు తగల్లేదు. మెత్తగా దిగింది.

అరుపు వచ్చింది.

మంచు లోపలి నుంచి, గోడ సందులన్నింటిలోంచి ఒకేసారి, కొండకు తగిలి తిరిగొచ్చేంత అరుపు. దాని వెనకే బూతులు. ఏసునూ మరియమ్మనూ, యోనా పుట్టుకనూ కలిపి. యోనా పార వదిలేశాడు. మోకాళ్ళ మీద పడి, ఎర్రబడిన మంచులో చేతులు దూర్చి, కోటు దొరికితే కోటు, జుట్టు దొరికితే జుట్టు పట్టుకుని లాగాడు. ఫ్రాంక్ మొహం నీలంగా, పళ్ళు కరుచుకుని, గడ్డం నిండా మంచు గింజలతో బయటికి వచ్చింది. భుజం మీద, మెడ ఎముక పక్కన, గాటు. రక్తం వేడిగా, ఆవిరి చిమ్ముతూ పొంగుతోంది. యోనా రెండు అరచేతులూ దాని మీద పెట్టి నొక్కాడు. రక్తం వేళ్ళ సందుల్లోంచి కారుతుంటే అతనికి నవ్వో ఏడుపో తెలియనిది ఏదో వచ్చింది.

ఫ్రాంక్‌ను లాక్కుంటూ తనూ బయటపడిన మరుక్షణం ఆ తలుపు కూలింది. రాళ్ళూ మంచూ కలిసి వాళ్ళ పాదాల దాకా దొర్లి ఆగాయి.

"గొర్రె?" అన్నాడు ఫ్రాంక్, పళ్ళు టకటకలాడుతుంటే.

యోనా గోడ మీదుగా చూశాడు. అరుపు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. కాళ్ళు కొట్టుకోవడం కూడా ఆగింది. దాని తల మీద ఒక కాకి వాలి అటూ ఇటూ చూస్తోంది.

"గ్రాండ్," అన్నాడు, బాగానే ఉందని చెప్పడానికి ఇక్కడివాళ్ళు అనే మాటతో.

"అబద్ధాలకోరు," అన్నాడు ఫ్రాంక్.

ఉప్పు బస్తాను ఎత్తినట్టు వీపు మీదికి ఎత్తుకుని, నలిగిన వేలితో కుంటుతూ, పొలం మీదుగా ఇంటికి మోసుకెళ్ళాడు. దారి పొడుగునా ముసలాయన అతని చెవిలో తిట్టాడు. మాట మందగించినప్పుడల్లా యోనా ఆగి, "ఏందీ? వినపడలా," అని రెచ్చగొట్టాడు. ఇంటి ఫోన్ పనిచేస్తోంది. పొరుగు రైతు ట్రాక్టర్ వచ్చింది, దాని వెనక అంబులెన్స్.

ఆసుపత్రిలో ఆ రోజు లలితకుమారి డ్యూటీ కాదు. అయినా ఎలాగో వచ్చింది. ఫ్రాంక్‌కు కుట్లు వేశాక వార్డులోకి వెళ్ళి, కట్టు పక్కకు తప్పించి గాటు చూసింది. నర్సు కదా, చూడగానే తెలిసింది. రాయి చేసే గాయం వేరు, ఇనుము చేసే గాయం వేరు. ముసలాయన మగతలో ఒక కన్ను తెరిచి, "నీ మొగుడు నన్ను పారతో పొడిచాడు. పోలీసు గార్డులకు చెప్తా," అన్నాడు. "కర్ర కూడా రెండుసార్లు విరిచాడు. అది కూడా చెప్తా." మళ్ళీ కన్ను మూసుకుని, "రేపు పొద్దున రమ్మను. వీళ్ళకు కట్టు కట్టడం రాదు," అన్నాడు.

ఆవిడ బయటికి వచ్చింది. వరండాలో బెంచీ మీద యోనా కూచుని ఉన్నాడు. వేళ్ళన్నింటికీ కట్లు. చేతులు తనవి కానట్టు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. కిటికీ బయట చలి విరుగుతోంది. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మంచు మళ్ళీ ఇంకొకటిగా మారుతోంది, ముద్దముద్దగా, గుండ్రంగా, తడిగా.

లలితకుమారి పక్కన కూచుంది. పెళ్ళయిన రాత్రి యోనా తన అన్న గాటు సంగతి, ఆ పెద్దాయన మాట చెప్పినప్పుడు కూడా ఆవిడ ఇలాగే కూచుంది.

"పార దిగిందా?" అంది.

"దిగింది."

"అప్పుడు..." ఆగింది. "అరిచాడా?"

"అరిచాడు లలితా," అన్నాడు యోనా. "కొండంతా వినపడేట్టు అరిచాడు."